బియ్యం బస్తా – బ్లాక్‌చెయిన్



వార్షికోత్సవ సంచిక పనిమీద తిరుగుతున్న తమ్ముళ్లు ఫోన్ చేసి, "కంప్యూటర్ల గురించి ఏదైనా రాయన్నా, పిల్లలకు పనికొచ్చేదిగా ఉండాలి" అన్నారు. నా ఉద్యోగంలో బ్లాక్‌చెయిన్ నెట్‌వర్కులు పెట్టడం, అవి సరిగా నడుస్తున్నాయో లేదో పరీక్షించడం ఒక భాగం. ఆ పేరు మీరూ వినే ఉంటారు. ఫలానా కాయిన్ కొంటే నెలలో డబ్బు రెట్టింపవుతుందని వచ్చిన మెసేజ్‌లో విని ఉంటే మాత్రం ముందు ఆ మెసేజ్ తీసేయండి. ఇక్కడ చెప్పబోయేది డబ్బు పెట్టే సంగతి కాదు, లెక్క రాసే సంగతి. అందుకే మన స్టోర్ రూమ్ నుంచి మొదలుపెడతాను.

నేను పదో తరగతిలో మెస్ కమిటీ లీడర్‌ని. బియ్యం బండి వచ్చినప్పుడు స్టాక్ రిజిస్టర్లో మెస్ కమిటీ తరఫున సంతకం పెట్టడం నా పని. ఒక సాయంత్రం 20 బస్తాలు దిగాయి. బస్తా 50 కిలోలు, మొత్తం 1000 కిలోలు అని రాసి ఉంది. బయట వాలీబాల్ ఆట నాకోసం ఆగి ఉంది. రిజిస్టరు మోకాలి మీద పెట్టుకుని సంతకం గీకి పరుగెత్తాను. ఆ నెల ఇరవయ్యో తారీఖు దాటాక బియ్యం అడుగంటుతున్నాయని వంటమనిషికి అనుమానం వచ్చింది. విప్పని బస్తా ఒకటి కాటా మీద పెట్టించాడు. 46 కిలోలు. పక్కది పెట్టాడు. అదీ అంతే. నెలాఖరున మూడు రాత్రులు గోధుమ రవ్వతో గడిచాయి. ఆరో తరగతి పిల్లలు రెండోసారి పళ్లెం పట్టుకుని వచ్చి ఉత్తచేతులతో వెనక్కి వెళ్లడం నేను చూశాను.

ఎక్కడ తగ్గిందని విచారిస్తే గోదాము పుస్తకం 1000 అంది, బండి వెంట వచ్చిన చీటీ 1000 అంది, మన రిజిస్టరు 1000 అంది. తరుగు ఎక్కడ పోయిందో ఈనాటికీ నాకు తెలియదు. ఆ అంకె కింద నా సంతకం ఉందన్నది మాత్రం తెలుసు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, చివర్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

అందరి దగ్గరా ఒకే పుస్తకం

ఒక వస్తువు నాలుగు చేతులు మారుతుందనుకోండి. ఎవరి పుస్తకం వాళ్లు రాసుకుంటారు. తేడా వచ్చిన రోజున ఎవరి పుస్తకం నిజం? పోనీ ఒకే పుస్తకం ఒకరి దగ్గరే ఉంచుదామంటే, అది ఉన్నవాడు పేజీ చింపి కొత్త పేజీ అంటించినా మిగతావాళ్లకు తెలియదు. బ్లాక్‌చెయిన్ ఈ రెంటికీ నడుమ దారి. పుస్తకం ఒకటే, కాపీ మాత్రం అందరి దగ్గరా ఉంటుంది. కొత్త పేజీ రాసినప్పుడల్లా పాత పేజీ సారాన్ని ఒక పెద్ద అంకెగా లెక్కకట్టి ఈ పేజీ తలకట్టులో వేస్తారు. దాన్నే హ్యాష్ అంటారు. పాత పేజీలో ఒక్క చుక్క మార్చినా ఆ అంకె పూర్తిగా మారిపోతుంది, తర్వాతి పేజీతో పొంతన తెగిపోతుంది. పేజీని బ్లాక్ అంటారు. ఒకదానికొకటి ముడిపడిన ఆ వరసే చెయిన్.

బిట్‌కాయిన్ గురించిన పత్రం 2008లో వచ్చింది, ఆ నెట్‌వర్కు 2009 జనవరిలో మొదలైంది. అందులో ఎవరైనా చేరవచ్చు, పేరు చెప్పనక్కర్లేదు. పేరు తెలియనివాళ్ల మధ్య మోసం జరగకుండా ఉండడానికి అక్కడ విపరీతంగా కరెంటు ఖర్చుపెట్టి లెక్కలు చేస్తారు. మన గోదాము, రవాణా, హాస్టల్ అలాంటివి కావు. ఎవరెవరో అందరికీ తెలుసు, ఒకరినొకరు పూర్తిగా నమ్మకపోవడం వేరే విషయం. ఇలాంటిచోట పనికొచ్చేది అనుమతి ఉన్నవాళ్లే చేరగలిగే బ్లాక్‌చెయిన్, అంటే పర్మిషన్డ్ నెట్‌వర్కు. అడ్మిషన్ తీసుకుని గుర్తింపు కార్డు ఉన్నవాడికే హాస్టల్ గేటు తెరిచినట్టు.

ఈ రకంలో బాగా వాడుకలో ఉన్నది హైపర్‌లెడ్జర్ ఫ్యాబ్రిక్. లైనక్స్ ఫౌండేషన్ 2015 డిసెంబరులో హైపర్‌లెడ్జర్ ప్రాజెక్టును ప్రకటించింది. ఫ్యాబ్రిక్ 1.0 2017లో, 2.0 2020లో, 3.0 2024లో వచ్చాయి. దీర్ఘకాలం సరిచేస్తూ ఉంటామని విడుదల చేసిన 2.5ను బట్టి నేను చెబుతున్నాను. ఇది ఉచితం. సోర్సు కోడ్ ఎవరైనా చదవవచ్చు.

ఇందులో పాత్రలు కొన్నే. చేరిన ప్రతివాళ్లనూ ఆర్గనైజేషన్ అంటారు. మన లెక్కలో గోదాము ఒకటి, హాస్టల్ ఒకటి. పుస్తకం కాపీ ఉంచుకునే మెషీన్ పేరు పీర్. గుర్తింపు కార్డులు ఇచ్చేది సర్టిఫికెట్ అథారిటీ. లావాదేవీలను వరసలో పెట్టి పేజీ కట్టేది ఆర్డరర్. 'బస్తా పంపడం', 'బస్తా అందడం' ఎలా నమోదు కావాలో చెప్పే ప్రోగ్రాము చెయిన్‌కోడ్.

ఒక లావాదేవీ ఎలా సాగుతుందో తెలిస్తే మిగతాదంతా సులువు. 'బస్తా హాస్టల్‌కు అందింది' అన్న విన్నపం ముందు రెండువైపుల పీర్లకూ వెళ్తుంది. ఎవరికి వారు తమ కాపీ మీద చెయిన్‌కోడ్ నడిపి, వచ్చిన ఫలితం మీద సంతకం చేసి వెనక్కి ఇస్తారు. అప్పటికింకా పుస్తకంలో ఏమీ రాయరు. సంతకాలు ఉన్న కాగితం ఆర్డరర్‌కు చేరుతుంది. అది మిగతా లావాదేవీలతో కలిపి బ్లాక్ కట్టి అందరికీ పంచుతుంది. ప్రతి పీర్ ఆ సంతకాలు సరిపోయాయా, ఈలోగా లెక్క మారిందా అని చూసి, అప్పుడు రాసుకుంటుంది. సంతకం ముందు, రాత తర్వాత. ఆ సంతకాన్ని ఎండార్స్‌మెంట్ అంటారు.

ట్రంకు పెట్టెలు

నిజంగా పెట్టాలంటే గోదాముకో మెషీన్, హాస్టల్‌కో మెషీన్, ఆర్డరర్‌కో మెషీన్ కావాలి. నేర్చుకునేవాడికి అన్ని మెషీన్లు ఎక్కడ దొరుకుతాయి? ఇక్కడే కంటెయినర్లు అక్కరకొస్తాయి.

మన హాలు గుర్తు తెచ్చుకోండి. కప్పు ఒకటే, ట్యూబ్‌లైటు ఒకటే, నీళ్ల ట్యాంకు ఒకటే. గోడవారన మాత్రం ఎవరి ట్రంకు పెట్టె వాళ్లది, ఎవరి తాళం వాళ్లది. ఒకడి పెట్టెలో ఏముందో పక్కవాడికి కనిపించదు. కంటెయినర్లు అలాంటివే. కంప్యూటర్లోని ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, అంటే కెర్నెల్, అందరికీ ఒకటే. ఫైళ్లు, ప్రోగ్రాములు, నెట్‌వర్కు చిరునామా ఎవరివి వాళ్లకే. ప్రతి ఒక్కరికీ విడి ఇల్లు కట్టించినట్టుండే వర్చువల్ మెషీన్ కంటే ఇది చాలా తేలిక, సెకన్లలో లేస్తుంది. 2013లో వచ్చిన డాకర్ అనే సాఫ్ట్‌వేర్ ఈ పద్ధతిని అందరి చేతికీ తెచ్చింది. ఇంటి దగ్గర సర్ది పంపిన పెట్టెలాంటిది ఇమేజ్. దాన్ని ఏ మెషీన్ మీద విప్పినా లోపల అవే వస్తువులు, అదే అమరిక. పెట్టె పారేసినా పుస్తకాలు మిగలాలంటే వాటిని వాల్యూమ్ అనే అల్మరాలో విడిగా పెట్టాలి.

ఈ పోలిక ఒకచోట మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. హాలు కప్పు కూలితే పెట్టెలన్నీ దానికిందే ఉంటాయి. ఆ సంగతి తర్వాత చెబుతాను.

పెట్టడం

కమాండ్లను ఇక్కడ అచ్చు వేయించడం లేదు. ఒక గీత, ఒక ఖాళీ తప్పినా అవి పనిచెయ్యవు. మన డీటీపీలో అలాంటి తప్పులు దొర్లవని నేను హామీ ఇవ్వలేను. ఫ్యాబ్రిక్ డాక్యుమెంటేషన్‌లో ఉన్నవి ఉన్నట్టు తీసుకోండి. ఏది ఎందుకో మాత్రం నేను చెబుతాను.

8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్, అందులో ఉబుంటు ఉంటే హాయి. విండోస్ అయితే డబ్ల్యుఎస్ఎల్ 2 వేసుకుని, ఫైళ్లన్నీ లైనక్స్ వైపే ఉంచండి. విండోస్ వైపు దింపితే వరస చివరి గుర్తులు మారిపోయి, చక్కగా కనిపించే స్క్రిప్టు కూడా అర్థంకాని తప్పు చూపిస్తుంది. గిట్, కర్ల్, డాకర్, డాకర్ కంపోజ్, జేక్యూ, చెయిన్‌కోడ్ కోసం గో భాష – ఇవి ముందే ఉండాలి. ఫ్యాబ్రిక్ వాళ్లే ఇచ్చే ఇన్‌స్టాల్ స్క్రిప్టు నమూనా ప్రోగ్రాములను, ఇమేజ్‌లను దింపుతుంది. డౌన్‌లోడ్ జీబీల్లో ఉంటుంది కాబట్టి ఫోన్ డేటా మీద ఆశ పెట్టుకోవద్దు, వైఫై ఉన్నచోట దింపుకోండి. డాకర్‌ను ముట్టుకోవడానికి అనుమతి లేదని వస్తే మీ యూజర్‌ను డాకర్ గ్రూపులో చేర్చి, ఒకసారి లాగౌట్ అయి రండి.

నమూనాల్లో టెస్ట్ నెట్‌వర్క్ అనే ఫోల్డరు ఉంది. అందులోని స్క్రిప్టుకు 'అప్' అని చెప్పి, దాంతోపాటే చానెల్ కట్టమని, సర్టిఫికెట్ అథారిటీలు వాడమని, లెక్కల నిల్వకు కౌచ్‌డీబీ పెట్టమని అడగవచ్చు. అది ఆర్గ్ 1, ఆర్గ్ 2 అని రెండు సంస్థలను, ఒక్కోదానికి ఒక పీర్‌ను, ఒక ఆర్డరర్‌ను లేపుతుంది. ఆర్గ్ 1ను గోదాము అనుకోండి, ఆర్గ్ 2ను హాస్టల్ అనుకోండి. చానెల్ అంటే వీళ్లిద్దరూ కలిసి రాసే పుస్తకం. ఒకే నెట్‌వర్కులో వేర్వేరు జట్లకు వేర్వేరు పుస్తకాలు ఉండవచ్చు.

తర్వాత చెయిన్‌కోడ్ ఎక్కించాలి. ఇక్కడ నాకు నచ్చిన పద్ధతి ఒకటుంది. ప్రోగ్రామును మూటకట్టి ఎవరి పీర్ మీద వాళ్లే పెట్టుకోవాలి. ఆ పైన 'ఈ నిబంధనలకు మేం ఒప్పుకుంటున్నాం' అని ప్రతి సంస్థా విడిగా ఆమోదం తెలపాలి. చాలినన్ని ఆమోదాలు వచ్చాకే అది చానెల్లో అమలవుతుంది. మామూలుగా నిబంధన మెజారిటీ. ఇద్దరే ఉన్నప్పుడు మెజారిటీ అంటే ఇద్దరూ. గోదాము ఒక్కటే రూల్సు మార్చలేదు, హాస్టల్ ఒక్కటే మార్చలేదు.

స్క్రిప్టు ఈ పనంతా ఒక్క కమాండ్‌తో చేసేస్తుంది. మొదటిసారి అలా చేయండి. రెండోసారి మాత్రం స్క్రిప్టు తెరిచి, ఒక్కొక్క అడుగు చేత్తో చేసి చూడండి. అంతా అయ్యాక నడుస్తున్న కంటెయినర్ల జాబితా అడిగితే ఆర్డరర్, రెండు పీర్లు, మూడు సర్టిఫికెట్ అథారిటీలు, రెండు కౌచ్‌డీబీలు, చెయిన్‌కోడ్‌వి రెండు – మొత్తం పది కనిపించాలి. చెయిన్‌కోడ్‌కు కూడా పీర్‌కొకటి చొప్పున సొంత కంటెయినర్ ఉంటుంది.

ఇచ్చిన నమూనా చెయిన్‌కోడ్‌లో ఏవో ఆస్తులు, వాటి రంగులు, యజమానులు ఉంటాయి. నేను దాన్ని బస్తాలకు మార్చుకున్నాను: బస్తా నంబరు, కిలోలు, ఎవరి దగ్గర ఉంది. మీరు మార్చేటప్పుడు ఒక జాగ్రత్త పాటించాలి. ప్రోగ్రాములో మెషీన్ గడియారాన్ని చూసి తేదీ వేయకండి. రెండు పీర్లు విడివిడిగా నడుపుతాయి కదా, గోదాము గడియారం ఒకటి చెబుతుంది, హాస్టల్ గడియారం మరొకటి చెబుతుంది. ఫలితాలు కలవవు, లావాదేవీ సాగదు. విన్నపంతోపాటు వచ్చే సమయాన్నే తీసుకోవాలి.

గడియారం అంటే గుర్తొచ్చింది. నా పాత ల్యాప్‌టాప్‌లో లోపలి చిన్న బ్యాటరీ చచ్చిపోయింది. ఇమేజ్‌లన్నీ ముందే దింపి ఉన్నాయని ఒకరోజు నెట్ లేకుండానే నెట్‌వర్కు లేపాను. అప్పుడు ల్యాప్‌టాప్ తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి ఉంది, నేను చూడలేదు. సర్టిఫికెట్లు ఆ తేదీతో పుట్టాయి. సాయంత్రం వైఫై తగిలి తేదీ సరైంది. ఈ పద్ధతిలో పీర్లకు ఇచ్చే సర్టిఫికెట్ల గడువు మామూలుగా ఒక ఏడాదే కాబట్టి అందరి కార్డులూ ఒక్క క్షణంలో చెల్లకుండా పోయాయి. ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. కోడ్‌లో తప్పు వెతుకుతూ అర్ధరాత్రి దాకా కూర్చున్నాను.

పడగొట్టి చూడడం

నెట్‌వర్కు లేవడం పరీక్ష కాదు. లేచింది పడుతుందా, పడితే ఏం చెబుతుంది, అబద్ధం చెబితే పట్టుకుంటుందా అని చూడడమే పరీక్ష.

మొదట ఒక బస్తా నమోదు చేసి, రెండు పీర్లనూ విడివిడిగా అడగండి. రెండూ ఒకే జవాబు చెప్పాలి. ఇది సులువు.

ఇప్పుడు దొంగపని చేద్దాం. బస్తాను హాస్టల్‌కు బదిలీ చేసే విన్నపాన్ని గోదాము పీర్‌కు మాత్రమే పంపండి, హాస్టల్ సంతకం అడగకండి. తెర మీద 'విజయవంతం, 200' అని వస్తుంది. మొదటిసారి ఇది చూసి నేను నిజంగా కంగారుపడ్డాను. హాస్టల్‌కు తెలియకుండా పని జరిగిపోయిందా? మళ్లీ బస్తా ఎక్కడుందని అడిగితే గోదాములోనే ఉంది! సంగతేమిటంటే, ఆ 200 చెప్పేది గోదాము సంతకం దొరికింది, కాగితం ఆర్డరర్‌కు చేరింది అని మాత్రమే. తర్వాత ఒక్కొక్క పీర్ సంతకాలు లెక్కపెట్టి, చాలలేదని ఆ లావాదేవీని చెల్లనిదిగా కొట్టేసింది. కొట్టేసిన లావాదేవీ బ్లాక్‌లో అలాగే ఉంటుంది, చెల్లదన్న గుర్తుతో. అంటే దొంగ ప్రయత్నం కూడా పుస్తకానికెక్కుతుంది. రాత పూర్తయ్యేదాకా ఆగి చెప్పమని కమాండ్‌లోనే అడగవచ్చు. అడగకుండా మొదటి 'విజయవంతం' చూసి లేచి వెళ్లినవాడు మోకాలి మీద సంతకం పెట్టిన నాలాంటివాడే.

తర్వాత హాస్టల్ పీర్ కంటెయినర్‌ను ఆపేయండి. ఇద్దరి సంతకం కావాలి కాబట్టి కొత్త లావాదేవీ ఏదీ సాగదు. చదవడం మాత్రం గోదాము పీర్ దగ్గర సాగుతుంది. ఒకరు కరెంటు తీసేస్తే మొత్తం పని ఆగడం మంచిదా చెడ్డదా? రూల్సు రాసుకునేటప్పుడే తేల్చుకోవాల్సిన విషయం ఇది. మూడో సంస్థను చేర్చే స్క్రిప్టు కూడా నమూనాల్లో ఉంది. మెస్ కమిటీని అలా చేర్చుకోవచ్చు. దానికి ముందున్న ఇద్దరి సంతకాలూ కావాలి, ఎవరూ దొడ్డిదారిన చేరలేరు. ముగ్గురయ్యాక మెజారిటీ ఇద్దరే, ఒకరు పడినా పని సాగుతుంది. కానీ అప్పుడు గోదాము, మెస్ కమిటీ కలిసిపోతే హాస్టల్‌ను పక్కన పెట్టి రాయగలరు. మెజారిటీ అన్న మాట వినగానే న్యాయం అనుకోకండి.

ఈలోగా చానెల్లో మరో నాలుగు చెల్లే లావాదేవీలు జరిగి, ఆపిన పీర్ తిరిగి లేచిందనుకోండి. తనకు రాని బ్లాకులన్నీ అడిగి తెచ్చుకుంటుంది. రెండు పీర్లలో బ్లాకుల లెక్క అడిగి, సమానమైందాకా చూడండి. పూర్తిగా ఆపడం కాక కాసేపు స్తంభింపజేసే కమాండ్ కూడా డాకర్‌లో ఉంది. దాన్ని తప్పక ప్రయత్నించండి. చచ్చిపోయిన మెషీన్ వెంటనే తెలిసిపోతుంది. బతికే ఉండి పలకని మెషీన్‌తోనే అసలు కష్టం.

ఆర్డరర్ ఒక్కటే కాబట్టి అది ఆగితే రాత మొత్తం ఆగుతుంది. అందుకే అసలు నెట్‌వర్కుల్లో మూడో అయిదో పెడతారు. రాఫ్ట్ పద్ధతిలో మూడింటిలో ఒకటి, అయిదింటిలో రెండు పడినా పని నడుస్తుంది.

ఇద్దరు ఒకేసారి ఒకే అంకెను మార్చబోతే? 'మొత్తం బియ్యం' అని ఒకే అంకె పెట్టుకుని, ఒకరు 30 కిలోలు, ఇంకొకరు 20 కిలోలు ఒకే క్షణంలో తగ్గించమంటే, ఇద్దరూ 1000 చూసి లెక్క కడతారు. నమూనా అమరికలో ఆర్డరర్ 2 సెకన్లకు గానీ 10 లావాదేవీలకు గానీ, ఏది ముందైతే దానికి ఒక బ్లాక్ కడుతుంది. రెండూ ఒకే బ్లాక్‌లో పడితే మొదటిది చెల్లుతుంది, రెండోది చెల్లదు. లెక్క తప్పకపోవడం మంచిదే గానీ, రెండోవాడు మళ్లీ పంపాలి. అందుకే మొత్తాన్ని ఒకే అంకెగా పెట్టకుండా బస్తాకొక పద్దు పెట్టడం మేలు.

ఇక నాకు బాగా ఇష్టమైన పరీక్ష. కౌచ్‌డీబీకి బ్రౌజర్లో కనిపించే పేజీ ఉంది. గోదాము పీర్‌ది 5984 పోర్టులో, హాస్టల్ పీర్‌ది 7984 పోర్టులో. హాస్టల్‌ది తెరిచి, 46 అని ఉన్న బస్తా బరువును 50గా చేత్తో దిద్దేయండి. పీర్ తన జ్ఞాపకంలో పాత విలువ ఉంచుకుంటుంది కనుక వెంటనే తేడా కనిపించకపోవచ్చు. ఆ పీర్‌ను ఒకసారి ఆపి లేపండి. ఇప్పుడు హాస్టల్ పీర్‌ను అడగండి: 50 అంటుంది. ఏ గంటా మోగదు, ఏ ఎర్ర అక్షరమూ రాదు. బ్లాక్‌చెయిన్‌ను ఎవరూ మార్చలేరని గట్టిగా చెప్పేవాళ్లకు ఈ పరీక్ష చూపించాలి.

మరి అది దేనికి పనికొచ్చినట్టు? ఆ బస్తాను బదిలీ చేయబోండి. గోదాము పీర్ 46తో లెక్కకట్టి సంతకం చేస్తుంది, హాస్టల్ పీర్ 50తో చేస్తుంది. రెండు జవాబులూ కలవలేదని విన్నపం అక్కడే ఆగిపోతుంది. దిద్దింది లెక్కల నిల్వను మాత్రమే, బ్లాకులను కాదు. పీర్‌ను ఆపి, నిల్వను బ్లాకుల నుంచి మళ్లీ కట్టుకోమని చెప్పే కమాండ్ ఉంది. అది నడిపితే 46 తిరిగి వస్తుంది. అబద్ధం తన కాపీలో ఉన్నంతసేపు సుఖంగానే ఉంటుంది, రెండోవాడి సంతకం అవసరమైనప్పుడు దొరుకుతుంది. అందుకే ముఖ్యమైన లెక్కను ఒక్క పీర్‌ను అడిగి నమ్మకూడదు.

ఆఖరున స్క్రిప్టుకు 'డౌన్' అని చెప్పండి. కంటెయినర్లు, వాల్యూమ్‌లు, సర్టిఫికెట్లు అన్నీ పోతాయి. చెరగని పుస్తకం కాసేపట్లో ఆనవాలు లేకుండా చెరిగిపోయింది! ఇందులో వింతేమీ లేదు. గోదాము తాళంచెవి, హాస్టల్ తాళంచెవి, ఆర్డరర్ తాళంచెవి అన్నీ ఒకే ల్యాప్‌టాప్‌లో, ఒకే ఫోల్డర్లో ఉన్నాయి. నేను ముందు చెప్పిన హాలు కప్పు ఇదే. చెరగకపోవడం సాఫ్ట్‌వేర్‌లో లేదు, కాపీలు వేర్వేరు చేతుల్లో ఉండడంలో ఉంది. ఒకే ఆఫీసువాళ్లు నాలుగు పీర్లూ తమ గదిలోనే పెట్టుకుని 'మాది బ్లాక్‌చెయిన్' అంటే, ఆ గది తాళం ఎవరి దగ్గరుందని అడగండి. ఒకరి చేతిలోనే ఉండే లెక్కకు మామూలు డేటాబేస్ చాలు. అది చవక, వేగం కూడా.

చేతులు కలవకపోతే ఏమవుతుందో లోకం చూసింది. 2016లో వాల్‌మార్ట్, ఐబీఎం కలిసి ఫ్యాబ్రిక్ మీద చేసిన ప్రయోగంలో, మామిడి ముక్కల పొట్లం ఏ తోటనుంచి వచ్చిందో కనిపెట్టడానికి దాదాపు 7 రోజులు పట్టేది 2.2 సెకన్లకు దిగింది. అక్కడ వాల్‌మార్ట్ అడిగితే సరఫరాదారులు చేరక తప్పదు. ఓడల సరుకు కోసం మెర్స్క్, ఐబీఎం 2018లో ఇలాంటి ఫ్యాబ్రిక్ మీదే ట్రేడ్‌లెన్స్ అనేది పెట్టాయి. సాంకేతికంగా అది పనిచేసింది. పరిశ్రమ అంతా కలిసిరాలేదని 2022 నవంబరులో మూసివేత ప్రకటించి, 2023లో ఆపేశారు.

ఆ 46 కిలోలు

నాకు ఈ పని కొంత పట్టుబడ్డాక ఒకరోజు ఆ పాత రిజిస్టరునే చెయిన్‌కోడ్‌గా రాసి చూశాను. మూడు సంస్థలు: గోదాము, హాస్టల్, మెస్ కమిటీ. ముగ్గురి సంతకం ఉంటేనే బస్తా అందినట్టు. 20 బస్తాలు పంపాను. బరువు దగ్గర 50 వేశాను. గోదాము సంతకం పడింది, హాస్టల్ సంతకం పడింది, మెస్ కమిటీ సంతకం పడింది. అన్ని కాపీలూ కలిశాయి. బ్లాక్ కట్టుకుంది. పరీక్షలన్నీ పాసయ్యాయి.

ఆ రోజు మూడు పుస్తకాలూ కలిసే ఉన్నాయి కదా. నా నెట్‌వర్కు ఉండి ఉంటే ఆ 1000ని ఇంకెవరూ దిద్దలేనంత భద్రంగా దాచి ఉండేది. పీర్ చేసే సంతకానికి పుస్తకంలోని లెక్క తెలుసు, కాటా మీది ముల్లు తెలియదు.

ఆ రాత్రి చెయిన్‌కోడ్ మార్చాను. ఇప్పుడు బరువు ఒకరు వేసి మిగతావాళ్లు ఒప్పుకునే అంకె కాదు. గోదాము తాను తూచింది వేయాలి, దిగినచోట మెస్ కమిటీ తాను తూచింది విడిగా వేయాలి. మొదటి అంకె రెండోవాళ్ల తెర మీద చూపించకూడదు. రెండింటికీ అర కిలో మించి తేడా ఉంటే బస్తా 'అందింది' అని కాక 'తగాదా' అని నమోదవుతుంది. ఇదీ పూర్తి మందు కాదు. కాటా దగ్గరకు పోకుండా 50 అని కొట్టేవాడిని ఏ ప్రోగ్రామూ ఆపలేదు. కాకపోతే ఆ బస్తా తరుగు బయటపడ్డ రోజున, తూచినట్టు రాసినవాడి పేరు, సమయం చెరగకుండా ఉంటాయి.

పేర్లంటే మరో జాగ్రత్త. పిల్లల పేర్లు, కులం, ఆధార్ నంబర్లు ఇలాంటి పుస్తకంలో ఎప్పుడూ వేయకండి. ఒకసారి ఎక్కింది తీయలేం. 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మన వివరాలు తుడిచేయమని అడిగే హక్కు గురించి చెబుతుంది. చెరగని పుస్తకానికీ, ఆ హక్కుకూ పొసగదు. బస్తా నంబర్లకైతే ఏ ఇబ్బందీ లేదు.

రెండో శనివారం హాస్టల్‌కు వస్తున్నాను. పాత ల్యాప్‌టాప్‌లు మూడు సమకూర్చాను, ఇమేజ్‌లన్నీ దింపే తెస్తాను. నమూనా స్క్రిప్టు ఒకే మెషీన్ కోసం రాసింది కాబట్టి, మూడింటికి విడదీయాలంటే చిరునామాలు, సర్టిఫికెట్లలోని పేర్లు మార్చుకోవాలి. ఆ పని మీచేతే చేయిస్తాను. ఇంటర్ తమ్ముళ్లు లైనక్స్ ఫోల్డర్ల కమాండ్లు కాస్త చూసి ఉంచండి. మూడు జట్లుగా కూర్చుందాం, ఒక జట్టు తాళంచెవి ఇంకో జట్టుకు ఇవ్వకూడదు. స్టోర్ రూమ్‌లోని పాత కాటా ఇంకా పనిచేస్తుందో లేదో ఎవరైనా చూసి నాకు ఫోన్ చేయండి. లేకపోతే వచ్చేటప్పుడు ఒకటి కొని తెస్తాను. బియ్యం బండి వచ్చేది ఏ రోజో కూడా కనుక్కోండి.